బల్లార్షాలో పోశం తిన్న కూర

పోశం హోటల్లో తిని వచ్చాడంటే ఆ భోజనం రెండుసార్లు జరిగినట్టే. ఒకసారి అక్కడ ఆయన తిన్నది, ఇంకోసారి ఇంట్లో సమ్మవ్వ విన్నది. గోదావరిఖని కాలనీలో వాళ్లది రెండు గదుల క్వార్టరు. మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని చేతులు తిప్పుతూ చెప్పేవాడు. చౌరస్తా హోటల్లో బిర్యానీ మూత తీస్తే ఆవిరి ఎట్లా లేచిందో, నర్సింగం బొక్కను ఎట్లా జుర్రాడో, ఎలీషా మూడోసారి షేర్వా అడిగితే సర్వరు మొహం ఎట్లా మాడ్చుకున్నాడో, అన్నీ.

"మరి నన్నెప్పుడు తీస్కపోతవు?" అని సమ్మవ్వ అడిగేది.

"నీకు విన్నది చాల్దా? గాడంత బాయి మనుషులే. నువ్వచ్చి ఏడ కూసుంటవు?" అని నవ్వేవాడు.

బాయి అంటే బొగ్గు గని. పోశం జైపూర్ దిక్కు పల్లె నుంచి వచ్చి ఆ బాయిలో బొగ్గు నింపే పనిలో చేరాడు. నర్సింగం, ఎలీషా ఆయన జట్టు. ముగ్గురిదీ ఒకే షిఫ్టు, బొగ్గు నింపేది ఒకే టబ్బులో. పెళ్లికి పోయినా, కాళేశ్వరం మొక్కు తీర్చుకోవడానికి పోయినా, ముందు అక్కడ తినే చోటు ఎక్కడుందో వెతికేవారు. మంచిర్యాల చేపల వేపుడు గురించి పోశం వారం రోజులు చెప్పాడు. కానీ బల్లార్షా కూర గురించి ఎనిమిదేళ్లు చెప్పాడు.

అది రెండు వేల మూడులో. నర్సింగం మేనకోడలి పెళ్లికి ముగ్గురూ మహారాష్ట్రలోని బల్లార్షాకు పోయారు. తిరుగు బండి ఆలస్యమైతే స్టేషన్ దగ్గర ఎక్కడో తిన్నారు.

"పప్పు కాదు, పులుసు కాదు. పసుప్పచ్చగ ముద్దలెక్కుంటది. జొన్నరొట్టెల పెట్టుకొని, ఉల్లిగడ్డ పలగ్గొట్టుకొని తింటె, ఇగ చూడు," అని కళ్లు మూసుకునేవాడు.

తరువాత పోశం కడుపులో గడ్డ తేలింది. దవాఖానల చుట్టూ తిరిగారు. మెతుకు లోపలికి పోని రోజుల్లో ఆయన అడిగింది ఆ కూర ఒక్కటే. సమ్మవ్వ కందిపప్పుతో చేసింది, పెసరపప్పుతో చేసింది, ఎర్రపప్పుతో చేసింది. పక్క క్వార్టరు రెజీనా చెబితే శనగపిండితో కూడా చేసింది. ఆయన వేలి కొసతో నాకి, "ఇది కాదే," అనేవాడు. విసుక్కుని కాదు, తప్పు తనదే అన్నట్టు మెల్లగా. రెండు వేల పదకొండు ఎండాకాలంలో పోశం పోయాడు.

అందరూ ఏడ్చి ఎవరిళ్లకు వాళ్లు పోయాక సమ్మవ్వకు ఒక్కటే మిగిలింది. ముప్పై ఏళ్లు వండిపెట్టిన చెయ్యి. చివరికి ఆయన అడిగింది ఒక్క కూర. అదెందుకు రాలేదు?

ఆ ఏడే తెలంగాణ కోసం సమ్మె మొదలై బాయిలన్నీ బందయ్యాయి. డ్యూటీ లేక నర్సింగం, ఎలీషా ఒకనాడు ఆమెను చూడ్డానికి వచ్చారు. చాయ్ ఇచ్చి సమ్మవ్వ అడిగింది.

"అన్నా, ఆ బల్లార్షల మీరు తిన్నది ఏం కూర?"

నర్సింగం చాయ్ గ్లాసులోకి చూశాడు. "పప్పే చెల్లె."

"పప్పేడిదే అన్నా? గుడ్డు గొట్టి పోసిండ్రు," అన్నాడు ఎలీషా.

"గుడ్డా? నీ మొకం! నువ్వు అప్పుడు సోయిల ఉన్నవా?"

"నాకు యాదికున్నది. నువ్వు నాలుగు రొట్టెలు తిన్నది గూడ యాదికున్నది."

సమ్మవ్వ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కలిసి కూర్చుని తిన్న ఇద్దరు రెండు మాటలు చెబుతున్నారు. "నన్ను ఆడికి తీస్కపోండ్రి. నేనే చూస్త," అంది. ఆమె ఏదైనా కావాలని అడగడం వాళ్లు అంతకుముందు వినలేదు. కాదనలేకపోయారు.

బల్లార్షాలో బండి దిగాక అసలు తికమక మొదలైంది. నర్సింగం స్టేషన్ బయట నిలబడి చెయ్యి చాపాడు. "డిప్పు దిక్కు దిగాలె. రెండో లెవల్ల ఎడమకు మలిగితె అదే."

గనిలో పల్లానికి దిగే దారిని డిప్పు అంటారు, దానికి అడ్డంగా పోయే దారిని లెవల్ అంటారు. ముప్పై ఏళ్లు భూమి కింద నడిచిన మనిషికి పైన దారులు కూడా అట్లాగే యాదికుంటాయి.

"రోడ్డంత సాపుగున్నది గదనే అన్నా, డిప్పేడ దొరుకుతది?" అన్నాడు ఎలీషా.

"నువ్వు నోరు మూసుకొని నడువు."

నడిచారు. సైకిల్ రిపేర్ షాపు ముందుకు వచ్చారు. మలిగి మలిగి మళ్లీ అదే షాపు ముందుకు వచ్చారు. మూడోసారి వచ్చేసరికి షాపాయనే జాలిపడి, ఏం కావాలని హిందీలో అడిగాడు. ఎలీషా చెబితే వెనక సందు చూపించాడు. ఆ సందులో రేకుల కప్పు కింద ఒక ఖానావళి, చిన్న భోజన హోటల్, ఉంది. మరాఠీ ముసలమ్మ రొట్టెలు కొడుతోంది.

"ఇదే!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

సమ్మవ్వ హోటల్ బల్ల ముందు కూర్చోవడం అదే మొదలు. మోచేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. స్టీలు పళ్లెంలో రొట్టె వచ్చింది, ఉల్లిగడ్డ వచ్చింది, పసుప్పచ్చని కూర వచ్చింది. ఆమె ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"ఇదేనా అన్నా? మంచిగ చూసి చెప్పు."

"ఇదే చెల్లె. రుచి గూడ అదే."

"శనగపిండి గదా ఇది. నేను చేసిన. ఇట్లనే చేసిన. ఉగాది ముంగట చేస్తె ఇది కాదన్నడు."

నర్సింగం చేతిలోని రొట్టెను పళ్లెంలో పెట్టేశాడు. ఎలీషా ఆయన వైపు చూసి, "చెప్పరాదే అన్నా, ఇంకెన్నొద్దులు దాస్తవు?" అన్నాడు.

"పోశం ఆనాడు తినలే చెల్లె," అన్నాడు నర్సింగం.

సమ్మవ్వకు అర్థం కాలేదు. నర్సింగం చెప్పుకుంటూ పోయాడు. బాయిలో అన్నం డబ్బాలు విప్పితే ముగ్గురూ ఒకేసారి తినరు. ఇద్దరు తింటుంటే ఒకడు పైకప్పు చప్పుడు వింటూ కూర్చోవాలి. రాయి కదిలితే ముందు సన్నగా పలుకుతుంది. పోశం చెవి మంచిది. అందుకని ఎప్పుడూ ఆయనే కూర్చునేవాడు, వాళ్లు తిన్నాక తినేవాడు. అది పైన కూడా అలవాటై, ఏ హోటల్లోనైనా "మీరు కానియ్యుండ్రి," అనేవాడు. బల్లార్షాలో ఆ రోజు వీళ్లిద్దరూ తిని లేచేసరికి బండి కూత వినబడింది. ముగ్గురూ ఉరికారు.

"బండ్ల కూసున్నంక ఎట్లుండెరా అని అడిగిండు. నేను కడుపు నిండినోణ్ని. ఉన్నదానికి నాలుగింతలు చేసి చెప్పిన. ఆయన అదే ఇంట్ల చెప్పిండట. తిన్ననని చెప్పినంక మేమెట్ల కాదంటం?"

సమ్మవ్వ పళ్లెంలోకి చూసింది. అయితే తను చేసింది సరైనదే. మరి కాదని ఎందుకన్నాడు? తిననివాడికి ఏది అవునో, ఏది కాదో ఎట్లా తెలుస్తుంది? ఆయన వెతికింది శనగపిండి రుచి కాదు, నర్సింగం చెప్పిన మాట రుచి. దాన్ని ఏ పొయ్యి మీద వండాలి? తన తప్పు లేదని సంతోషించాలా, ఉపాసంతో ఇంటికి వచ్చి ఎనిమిదేళ్లు తనకు అబద్ధం చెప్పినందుకు కోపం తెచ్చుకోవాలా? మిగతా హోటళ్లలోనైనా తిన్నాడా?

"చేపలు తిన్నడా అన్నా? మంచిర్యాలల?" అని అడిగింది ఉన్నట్టుండి.

"అయ్యో, తిన్నడు వదినె! నా పళ్లెంలది గూడ గుంజుకున్నడు," అన్నాడు ఎలీషా.

అది నిజమో, తన కోసం అన్నాడో ఆమెకు తెలియలేదు. కళ్లు తుడుచుకుంది. చెయ్యి మాత్రం ఆగలేదు, ఇంకో ముక్క తుంచింది. ఇన్ని నెలల్లో ఆమెకు ఇట్లా ఆకలి కావడం ఇదే మొదలు. సిగ్గనిపించింది, అయినా తిన్నది.

స్టేషన్ దిక్కు నుంచి కూత వినబడింది. నర్సింగం ఉలిక్కిపడి లేవబోయాడు. "చెల్లె, బండి!"

"పోతె పోనియ్యి. ఇంకోటి రాదా?" అంది సమ్మవ్వ. "కూసోండ్రి. ఆ అవ్వనడిగి ఇంకో రొట్టె ఏపియ్యి. తినే లేస్త."