సింహం ముక్కు మీది గాట్లు

మా అమ్మాయి విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగం చేస్తూ, ఏళ్ల తరబడి సెలవులూ జీతమూ కూడబెట్టుకుని, మొన్నామధ్య ఆఫ్రికా వెళ్లి సింహాలనూ చిరుతలనూ ఫోటోలు తీసుకొచ్చింది. పోయిన ఆదివారం రాజమండ్రిలో మా ఇంటికి వచ్చి, లాప్‌టాప్ నా ముందు పెట్టి, రంగుల్లో తీసిన ఆ ఫోటోలను ఒక్కొక్కటే నలుపు తెలుపుల్లోకి మారుస్తూ చూపించింది. నిజానికి ఆమె వచ్చింది అందుకు కాదు. వాళ్లమ్మ సంవత్సరీకం దగ్గర పడింది. ఆ రోజుకైనా గోడకు పెట్టడానికి ఆవిడ ఫోటో ఒకటి ఎంచి పెద్దది చేయించాలి. ఏడాదిగా వాయిదా వేస్తూ వచ్చిన పని అది. మొదలుపెట్టడానికి ఇద్దరికీ మనసొప్పక, ముందు సింహాలు చూస్తూ కూర్చున్నాం.

రంగు తీసేయడం అంటే తేలికైన పనేనని చాలామంది అనుకుంటారు. పులినో సింహాన్నో బూడిదరంగులోకి మార్చడానికి ఒక్క మీట నొక్కితే చాలు కదా అంటారు. కానీ ఏ రంగు ఎంత తెలుపు కావాలో, ఎంత నలుపు కావాలో నిర్ణయించేది మనిషే. చీతాకు కళ్ల కింద నల్లటి చారలు ఉండనే ఉంటాయి గనుక దాన్ని ఎలా మార్చినా ముఖం నిలబడుతుంది. చిరుతకు మచ్చలున్నాయి. చిక్కంతా సింహంతోనే. ఒళ్లూ పసుపే, వెనక ఎండుగడ్డీ పసుపే, రెండూ ఒకే బూడిదరంగై ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నాకిది కొత్త సంగతి కాదు. ఎర్రంచు ఆకుపచ్చ చీర కట్టుకుని మురిపెంగా వచ్చిన పెళ్లికూతురు, తీరా ఫోటో చేతికొచ్చాక అంచు ఏదో చీర ఏదో తెలియక బిక్కమొహం వేయడం నేను ఫోటో స్టూడియోలో పనిచేసిన రోజుల్లో ఎన్నిసార్లు చూశానో.

ఆ ఫోటోల్లో ఒక ముసలి సింహం ఉంది. ఏ పోట్లాటల్లో తగిలాయో గానీ ముక్కు నిండా గాట్లు, ఒక పెదవి చీలి ఉంది. అమ్మాయి లాప్‌టాప్‌లో పసుపు మీటనూ నారింజ మీటనూ తెలుపు వైపు జరిపేసరికి ఆ ముఖం కడిగిన ముత్యంలా అయింది, గాట్లన్నీ దాదాపు మాయమయ్యాయి. ఇలా అయితే రాజులా ఉన్నాడు కదా అని మురిసిపోయింది. నాకు మాత్రం ఎందుకో ప్రాణం ఉసూరుమంది. మా మావయ్య స్టూడియో గుర్తుకొచ్చింది.

అమ్మ తమ్ముడైన ఆ మావయ్యకు గోదావరి గట్టుకు దగ్గర్లో ఫోటో స్టూడియో ఉండేది. చదువు అబ్బని నన్ను తీసుకెళ్లి అక్కడే పనిలో పెట్టుకుని, ముఖాల మీది మచ్చలు తీసే టచింగు పని నేర్పాడు. మావయ్యకు టచింగులో గొప్ప పేరు. పెన్సిలు ములుకును సూదిలా చెక్కుకుని, నెగెటివ్‌ను వెలుతురుకు ఎదురుగా పెట్టుకుని, ఊపిరి బిగబట్టి చుక్కలు పెట్టేవాడు. నెగెటివ్ మీద పెట్టిన నల్లచుక్క ఫోటోలో తెల్లగా తేలుతుంది. మొటిమలు, ముడతలు, కాలిన మచ్చలు, అమ్మవారు పోసిన గుంటలు ఏవీ మిగిలేవి కావు. ఎవరూ అడగనక్కర్లేదు, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ అదే మర్యాద. ఫోటో తీయించుకోవడమంటే అప్పట్లో ముఖానికి కూడా ఇస్త్రీ బట్టలు తొడిగించినట్టే. మా జిల్లాలో గోడలకు వేలాడే తాతల్లో సగం మంది నున్నటి చెంపలు మావయ్య పెన్సిలు చలవే.

ఒక శ్రావణమాసంలో సముద్రపు ఒడ్డు ఊళ్ల నుంచి చేపలు పట్టే కుటుంబానికి చెందిన ఒకావిడ, మరిదిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆవిడ భర్త వేటకు వెళ్లి తిరిగి రాలేదు. పడవ ముక్కలు దొరికాయి గానీ మనిషి దొరకలేదు. పెళ్లయిన కొత్తలో ఆ దంపతులు మా స్టూడియోలోనే ఫోటో తీయించుకున్నారట. ఇంట్లో ఉన్న ఆ ఒక్క కాపీ తుఫాను నీళ్లకు నానిపోయింది. పెద్దకర్మకు ఆయన బొమ్మ పెట్టాలి, నెగెటివ్ ఉందేమో చూడమని అడగడానికి వచ్చారు. మావయ్య పాత కవర్లు వెతికి దాన్ని పట్టుకుని, ఆయన ముఖం మటుకు పెద్దది చేసి, దండ వేయడానికి వీలుగా అట్టకు అంటించి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత ఎంతో నెమ్మదిగా, "ఈయన మా ఆయన కాదండీ. ఆయనకి మొకం నిండా అమ్మోరు పోసిన మచ్చలుంటాయండి. ఆ పెళ్లి ఫోటోలోనూ లేవండి, అప్పుడంటే సిగ్గేసి అడగలేదు గానండి" అంది. మావయ్య చిన్నబుచ్చుకున్నాడు. ఎంతో శ్రద్ధగా చేసిన పని అది. దండేసే ఫోటోలో మచ్చలెందుకమ్మా, చూసేవాళ్లకు బాగుండాలి కదా అన్నాడు. ఆవిడ తల ఎత్తలేదు. "మనిషి ఎలాగూ ఒడ్డుకి రాలేదండి బాబుగారూ. పటంలోనైనా ఆయన్నే ఇవ్వండి" అంది.

మావయ్య లోపలికి వెళ్లి, దూదిని టర్పెంటైన్‌లో ముంచి, నెగెటివ్ మీది తన పెన్సిలు పనంతా తానే తుడిచేశాడు. డార్క్‌రూమ్‌లో ఎర్రదీపం కింద మందునీళ్ల తొట్టెలో కాగితం ఊపుతున్నది నేనే. ముందు కళ్లు వచ్చాయి, తర్వాత మీసం, ఆ తర్వాత చెంపల మీద ఒక్కొక్క గుంటా తేలుతూ వచ్చింది. ఆ తడి కాగితాన్ని బయటికి తెచ్చి చూపించగానే ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని కూలబడిపోయింది. అంతవరకూ ఆవిడ ఏడవలేదని మరిది తర్వాత చెప్పాడు.

ఇదంతా చెప్పేసరికి మా అమ్మాయి నారింజను మళ్లీ నలుపు వైపు జరిపింది. ముసలి సింహం గాట్లన్నీ ముక్కు మీదికి తిరిగి వచ్చాయి. చీలిన పెదవితో, ఎన్నో ఎండలు చూసిన ముఖంతో అది మా వైపు చూసింది. "ఇప్పుడు అమ్మవి చూద్దామా నాన్నగారూ" అని తన ఫోన్ తీసింది.

మా ఆవిడకు యాభై దాటాక రెండు చెంపల మీదా నల్లటి మచ్చల్లా మంగు వచ్చింది. మొదట్లో కాస్త బాధపడి ఏవో లేపనాలు రాసి, తర్వాత పట్టించుకోవడం మానేసింది. చివరి పదిహేనేళ్లూ నేను పొద్దున్నే చూసిన ముఖం అదే. స్టూడియోలో తీసిన పాత ఫోటోల్లో ఉన్నది పెళ్లినాటి పిల్ల. ఫోన్‌లో చూస్తే వందల ఫోటోలున్నాయి. పిఠాపురం గుడి మెట్ల మీద, వంటింట్లో, మనవరాలి పుట్టినరోజు నాడు. ఒక్కదాంట్లోనూ మంగు లేదు. ఎవరూ అడగకుండానే ఆ ఫోన్ ప్రతి చెంపనూ తనంతట తానే నున్నగా చేసి దాచిపెట్టింది.

అమ్మాయి ఒకటి ఎంచి నలుపు తెలుపుల్లోకి మార్చింది. సింహానికి చేసినట్టే నారింజను నలుపు వైపు పూర్తిగా జరిపింది. ముఖమంతా ఒకే తీరుగా చామనఛాయకు తిరిగింది తప్ప మచ్చ ఒక్కటీ తేలలేదు. మా మావయ్య పూత కింద మనిషి ముఖం పదిలంగా ఉండేది, కావాలంటే దూదితో తుడుచుకునేవాళ్లం. ఇప్పుడు తుడవడానికి కింద ఏమీ లేదు. అందం మాత్రం అందరికీ సమానంగా దొరుకుతోంది.

ఆ ఫోటోనే పెద్దది చేయించి తెచ్చింది అమ్మాయి. మీరు టచింగు చేసేవారు కదా, ఆ మంగు మీరే పెట్టండి అంది. జీవితమంతా మచ్చలు తీసిన చెయ్యి, మొదటిసారి పెట్టడానికి పెన్సిలు చెక్కుకుంది. కళ్లద్దాలు తుడుచుకుని, కాగితం మీదికి వంగి, ములుకు ఆనించబోయి ఆగిపోయాను. ఏ చెంప మీది మచ్చ పెద్దదో నాకు గుర్తు రాలేదు. అమ్మాయిని అడిగాను. తనకూ తెలియదంది.