శాలువాల పళ్ళెం

“ఈవిడే ఆ టీచరు” అని ఆ రోజు నేను అనలేదు. పక్కనే నిలబడి కూడా అనలేదు.

భిలాయిలో మా కోచింగ్ సెంటర్ బోర్డు మీద లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ సార్ల ఫొటోలు, డిగ్రీలు ఉండేవి. ఆ లెక్కల సారు నేనే. అడుగున ‘స్పోకెన్ ఇంగ్లీష్ ఫ్రీ’ అని ఒక ముక్క. చొక్కా కొంటే చేతిరుమాలు ఇచ్చినట్టు. ఆ ఫ్రీ ముక్కను చెప్పేది ఒకావిడ. పరాయి భాషగా ఇంగ్లీషు ఎలా నేర్పాలో ప్రత్యేకంగా చదువుకుని వచ్చింది. మేమంతా సార్లం, ఆవిడ మాత్రం దీదీ. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ మాట్లాడుతూ ఇంగ్లీషు అనగానే బిగుసుకుపోయే పిల్లల చేత మాట్లాడించేది. వాళ్ళలో మా అమ్మాయి కూడా ఉంది.

రిజల్ట్స్ వచ్చాక సార్లకు శాలువాలు కప్పడం మా దగ్గర ఆనవాయితీ. పళ్ళెం పట్టుకునే పని దీదీది. ఆ ఏడు, స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరైన శ్రీకాకుళం పెద్దాయన ఒకాయన స్టేజీ ఎక్కాడు.

“మా మనవరాలికి ఇంగ్లీషు నేర్పిన మాస్టారు ఏరండి? ఆరికీ కప్పాల కదా.”

సెంటర్ ఓనరు నవ్వాడు. “ఇంగ్లీషుకి మాస్టారేటి బాబూ? నోరున్నోడెవడైనా చెప్పేస్తాడు. అది ముఫ్త్ సబ్జెక్టు, ఊరికే ఇచ్చేది.”

హాలంతా నవ్వింది. పెద్దాయన నావైపు తిరిగాడు. “నిజమేనా సారూ?”

దీదీ పళ్ళెంతో నన్నే చూస్తోంది. నేను శాలువా సర్దుకుని నవ్వాను.

మర్నాడు ఆవిడ తన పేరు కూడా బోర్డు మీద పెట్టమని అడిగింది. ఓనరు రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయిని ఆ క్లాసుకు పంపాడు. కాన్వెంట్‌లో చదివిందట, అంతే అర్హత. దీదీ మానేసింది.

తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తర్ఫీదు లేనివాణ్ణి ఫర్నేస్ దరిదాపులకు రానివ్వని ఊరు ఇది. కుళాయి కారితే పని తెలిసినవాణ్ణి పిలుస్తాం, నీళ్ళు తాగేవాళ్ళందరూ బాగుచేస్తారని అనుకోం. పిల్లల నోరు మాత్రం ఎవరి చేతిలోనైనా పెడతాం. ఇంటర్వ్యూలో వాళ్ళు తడబడితే మళ్ళీ మనమే తిడతాం. ఓనరు వ్యాపారి, వాడికి తెలియదనుకుందాం. నాకేం రోగం? రోజూ పాఠం చెప్పేవాణ్ణి, పాఠం చెప్పడం ఎంత పనో తెలిసినవాణ్ణి. పక్కవాళ్ళ పని చవకైతే నా శాలువా బరువెక్కుతుందని నవ్వాను.

మొన్న భిలాయి-3 అనే పేటలో ఆవిడ ఇంటికి వెళ్ళాను. ముందు గదిలో క్లాసు జరుగుతోంది.

“ఏటి సార్, లెక్క తప్పి ఇటొచ్చేరా?” అంది. నవ్వలేదు. “ఉండండి, పిల్లల్ని పంపేస్తాను.”

“వద్దు. ఆ రోజు అందరి ముందూ జరిగింది. వీళ్ళూ వినాలి.”

పిల్లలు పెన్నులు ఆపి నన్ను చూశారు. గుమ్మంలో నిలబడే చెప్పాను.

“ఆ పెద్దాయన అడిగింది నన్నే. నేర్పింది మీరని నాకు తెలుసు. తెలిసీ నవ్వేను. తప్పు నాది. క్షమించండి, టీచరుగారూ.”