పెద్దమ్మ పొరల బరఫు

ఒకప్పుడు జహనుమా బస్తీలో మా పక్కింట్లో ఉండిన పెద్దమ్మ పోయింది. ఆ పొద్దున అటునుంచి పాలు పోయడానికి వచ్చినాయన గడపలో నిలబడి చెప్పాడు. "నిద్రలనే పోయిందమ్మా. మంచి సావే. దగ్గర్నైతే ఎవ్వరు లేకుండిరి." పాలగిన్నె లోపలికి తెచ్చాను గానీ పొయ్యి ముట్టించాలని తోచలేదు.

ఆమె నాకు చుట్టం కాదు. మావారు రైలు ఉద్యోగంలో ఊళ్ళు తిరుగుతుంటే కొత్త కోడలిగా ఒంటరిగా ఉన్న నాకు గోడ అవతల వినిపించే మనిషి గొంతు ఆమె. భర్త ఎప్పుడో పోయాడు. రెండు బర్రెలు, ఒక్కగానొక్క కొడుకు. ఆ కొడుకు పెద్ద లడాయిలో, అదే ప్రపంచ యుద్ధంలో, లారీ తోలడానికి ఫౌజులో చేరి బర్మా వైపు వెళ్ళాడు.

ఎండలు ముదిరితే ఆమె బరఫు, అంటే మంచుగడ్డ, తెప్పించేది. గోనెసంచిలో వేసి దంచి, దొడ్డుప్పు కలిపి కుండలో నింపేది. అందులో రేకు గొట్టాలు నిలబెట్టి ముందు మామిడి రసం పోసేది. అది గడ్డకట్టాక చక్కెర కలిపిన గట్టి పెరుగు, ఆపైన ఊదారంగు ఫాల్సాపండ్ల గుజ్జు. నడుమ ఒక వెదురుపుల్ల గుచ్చేది. నేను మూత తీసి చూడబోతే చెయ్యి పట్టుకునేది.

"ఏంది బిడ్డా నీ తొందర? సల్లదనం దాని పని అది చేసుకుంటది. మనం ఊకె కూసోవాలె, గంతే."

లడాయి ముగిసింది. ఆపై ఎండాకాలంలో కొడుకు వస్తున్నాడని ఎవరో చెప్పారు. వాడికి ఇష్టమని పెద్దమ్మ పొద్దున్నే కుండ సిద్ధం చేసింది. మధ్యాహ్నం ఖాకీ బట్టల్లో ఒక కుర్రవాడు రేకుపెట్టె భుజాన పెట్టుకొని వచ్చాడు. ఆమె అతని వెనక సందులోకి చూసింది.

"మావోడు ఎనుక వస్తున్నడా?"

అతను పెట్టె దించాడు. "లేడమ్మా. మేమిద్దరం ఒక్కతాన్నే పనిచేసినం, గిది వాని పెట్టె. వాపసొచ్చేటప్పుడు జ్వరమొచ్చింది. దవాఖానలనే పోయిండు."

పెద్దమ్మ అరుగు మీద కూలబడింది. ఏడవలేదు. పెట్టె మీద చెయ్యి వేసి అడిగింది. "ఆఖరికి ఏమన్న తిన్నడా?"

"తినలే. సల్లటిదేమన్న ఇయ్యిమని అడిగిండు."

"అడుగుతడు" అంది ఆమె. "సిన్నప్పటిసంది గంతే."

లేచి లోపలికి వెళ్ళి కుండలోంచి ఒక గొట్టం తీసింది. రెండు అరచేతుల మధ్య రుద్ది, పుల్ల పట్టుకొని లాగింది. పసుపు, తెలుపు, ఊదా. అతని చేతిలో పెట్టింది.

"మీయమ్మ గూడ గిట్లనే తొవ్వ సూస్తుండొచ్చు. తిను బిడ్డా, కరిగిపోతది."

అతను నిలబడే తిన్నాడు, వెక్కుతూ. ఆమె అతని వీపు నిమురుతూ నిలబడింది.

మరుసటేడు ఆమె మళ్ళీ చేస్తుందని నేననుకోలేదు. చేసింది. గోడ మీదుగా నాకొకటి అందించింది. నీకోసం చేసుకొని నాకెందుకు పెద్దమ్మా అంటే, "ఒక్కదాన్నే తింటే పండ్లు జివ్వుమంటయ్" అంది.

మేమక్కడ ఉన్నన్ని ఎండాకాలాలూ అలాగే తిన్నాం, గోడకు చెరో పక్క నిలబడి. గోడ ఎత్తుగా ఉండేది. నాకు ఆమె నెరిసిన తల మాత్రమే కనిపించేది, సందు మలుపు వైపు తిరిగి.