వేళ్లు మిగల్చమన్న మాస్టారు

మా సైన్సు మాస్టారు కోటేశ్వరరావుగారి మరణవార్త తిరువూరులో బస్సు దిగుతుండగా కండక్టరు నోట విన్నాను. "మీ మాస్టారు పోయారమ్మా. గట్టు మీద రాయి తగిలిందంట" అన్నాడు. దుఃఖం కన్నా ముందు క్రోధం వచ్చింది. ఇంకా చల్లారలేదు.

ఊరి వెలుపలి ఆ రాతిగట్టు మీద గులకరాళ్ల సందుల్లో విష్ణుక్రాంతం పాకుతుంది. గోరంత నీలిపువ్వు పొద్దున విచ్చి, ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది. వేసవికి కాడలు మాడిపోయినా వేరు బతికే ఉండి, తొలకరికి చిగురిస్తుంది. ఆయనకు ఆ మొక్క ప్రాణప్రదం.

వినాయకచవితి పత్రిలో విష్ణుక్రాంతం ఉండాలి. మొక్క మరీ చిన్నది కనుక ఊరంతా వేళ్లతో సహా పీకేది. ఆ ఉదయం మాస్టారు చేతికర్రతో గట్టు మీద రుద్రమూర్తిలా నిలబడేవారు. "పత్రి అంటే ఆకురా! వేరు పీకమని ఏ దేవుడు చెప్పాడు? కత్తిరించుకుపో!" అని గర్జించేవారు. మా బాబాయి వీపు మీద ఒకసారి ఆ కర్ర విరిగింది. ఆయన్ను శాంతమూర్తి అని రాస్తే అబద్ధమవుతుంది.

నిరుడు గట్టు కంకర కాంట్రాక్టరు చేతికి వెళ్లింది. ఎమర్జెన్సీ రోజులు, ఎవరూ నోరెత్తలేదు. మాస్టారొక్కరే వెళ్లి, పేలుడుమందు కూరిన గుంట మీద కూర్చున్నారు. కాంట్రాక్టరు మనుషులు ఈడ్చి పారేస్తే పన్ను ఊడింది. మర్నాడు మళ్లీ బయల్దేరారు. "ఈ వయసులో ఎందుకండీ?" అని ఏడ్చాను. నెత్తురు ఉమ్మి, "రాయి పోతే అదెక్కడ బతుకుద్దమ్మాయ్? నల్లరేగట్లో వేస్తే కుళ్లిపోద్ది" అన్నారు. మొన్న ఆయన అక్కడుండగానే మందు పేల్చారు. ఎగిరిన రాయి కణత చీల్చేసింది. పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. నేను హత్య అంటాను.

పాడె కడుతుండగా ఊరివాళ్లు ఆయనకిష్టమని విష్ణుక్రాంతమే తెచ్చారు. గట్టు మీద మిగిలిందంతా పెళ్లగించి, మట్టివేళ్లతోనే దండ గుచ్చి, గుండెల మీద వేశారు. నాకు ఒళ్లు తెలియలేదు. దండ లాగేశాను.

"శవం మీద దండ తెంపుతావా? బుద్ధుందా?" అని బాబాయి చెంప పగలగొట్టాడు.

మాస్టారి భార్య సుభద్రమ్మగారు లేచి వచ్చారు. "దాన్ని కొట్టకండి. పోవే తల్లీ, పోయి పాతెయ్. వేళ్లు ఆరిపోతన్నాయి" అన్నారు.

అందుకే గురువుగారి అంత్యక్రియలకు నేను లేను. గట్టు చివర రాళ్ల సందుల్లో, వాచిన చెంపతో, ఒక్కొక్క మొక్కా పాతుతూ ఉన్నాను. నా శ్రద్ధాంజలి అదే. అలాంటి మనిషి మళ్లీ మాకు దొరకడు. రేపు పొద్దున ఆ వైపే మందు కూరుతారట. నేను వెళ్తున్నాను.