తలా తోకా ఉన్న వాక్యం

తలా తోకా ఉన్న ఇంగ్లీషు వాక్యం ఈ భూమ్మీద మా అమ్మమ్మ ఒక్కతికే వచ్చు. ఆ భాష పుట్టిన దేశంవాళ్లు కూడా ఆవిడ దగ్గర ట్యూషను పెట్టించుకోవాలి. పదో తరగతి ఇంగ్లీషు తప్పి బడి మానేసిన మనవణ్ణి, నేనే చెబుతున్నాను, నమ్మండి.

బస్‌స్టేషన్ అనౌన్సరుగా ఆవిడ బతుకంతా ఒక అద్దాల గదిలో, చేతిరుమాలు చుట్టిన మైకు ముందు గడిచింది. డ్రైవరు కిటికీలోంచి "అమ్మా, రెండో నంబరు, టైరు, లేటు" అని నాలుగు ముక్కలు విసిరేసి పోతే, వాటిని ఏరి, కడిగి, నిండు ఇంగ్లీషు వాక్యంగా వడ్డించేది. ఇంట్లోనూ అదే చాదస్తం. నేను "వాటర్" అంటే చాలు.

"వాటర్‌కేమైందిరా? ఎండిపోయిందా, పొంగిపోయిందా? వాక్యం పూర్తి చెయ్యి."

పూర్తి చేసేలోపు నా దాహమే చచ్చిపోయేది.

కిందటి వానాకాలం పక్షవాతం వచ్చి, కుడిచేత్తో పాటు మాట కూడా పడిపోయింది. అనౌన్స్‌మెంట్లు మాత్రం మిగిలాయి. ఏళ్ల తరబడి పలికినవి నాలుకను వదలవనీ, సొంత మాటలు మాత్రం ఒక్కొక్కటే కూడబలుక్కోవాలనీ డాక్టరు చెప్పాడు. ఏ భాషలో వస్తే ఆ భాషలోనే పలికించమన్నాడు.

తాతయ్య రోజూ మంచం పక్కన తన చేతుల కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

"ఏమే, నాకోసం ఒక్క వాక్యం. ఇంగ్లీషైనా సరే."

అమ్మమ్మ పెదాలు వణికేవి. "ఐ... ఐ..." ఆపైన దారి దొరక్క గొంతు పాత రోడ్డెక్కేసేది. "ప్యాసింజర్స్, యువర్ అటెన్షన్ ప్లీజ్!"

"ప్యాసింజర్ని కాదే, మొగుణ్ణి!" అని నవ్వేవాడు. నవ్వి, గోడవైపు తిరిగి కళ్లద్దాలు తుడుచుకునేవాడు.

ఆ ఒక్క వాక్యం వినకుండానే పోయాడు. ఒక మధ్యాహ్నం, ఆవిడ దుప్పటి మడతపెడుతూ, ఆ కుర్చీలోనే. అమ్మ పరిగెత్తుకొచ్చి బావురుమంది. అమ్మమ్మ ఆయన్నే చూస్తూ నోరు తెరిచింది. అద్దాల గది నాటి గొంతు, ఒక్క తడబాటు లేదు.

"ది సర్వీస్ ఈజ్ క్యాన్సిల్డ్. వుయ్ రిగ్రెట్ ది ఇన్‌కన్వీనియెన్స్."

పక్కింటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నేను చూడలేదు.

ఇప్పుడా కుర్చీలో నేను కూర్చుంటున్నాను. ఎవరో ఒకరు అడగాలి కదా. "చెప్పవే అమ్మమ్మా, ఒక్కటి" అని ప్రాణం తీస్తాను. ఈమధ్య ప్యాసింజర్లను పిలవడం కూడా మానేసింది. నిన్న ఇక్కడిదాకా రాసిందంతా చదివి వినిపించి, కుర్చీలో వెనక్కి వాలాను.

"ఎలా రాశాను? పూర్తి వాక్యంలో చెప్పాలి మరి!"

చాలాసేపు కుర్చీ చేతినే చూసింది. దాని మీదున్న నా మోచేతిని ఎడంచేత్తో తోసేసింది. నుదుటి మీద చెమట పట్టింది. బరువులెత్తినట్టు ఒక్కో మాటా ఎత్తి పెట్టింది.

"దట్... ఈజ్... హిజ్... చెయిర్. గెట్ అప్."