లచ్చవ్వ కూర్చున్న వైపు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, వానాకాలం. లక్సెట్టిపేటలో ఒక చిన్న కంటి క్లినిక్కులో ఆప్టోమెట్రిస్టుగా చేస్తున్నాను. అంటే చూపు పరీక్షించి అద్దాలు రాసేవాణ్ణి. అందరూ డాక్టర్ సాబ్ అంటారు. కాదని చెప్పడం ఎప్పుడో మానేశాను.

మల్లయ్య బొగ్గుబాయిలో దిగి పనిచేసి రిటైరైన మనిషి. పక్షవాతం వచ్చి తగ్గింది, నడుస్తున్నాడు. భార్య లచ్చవ్వ ఆయనకు ఎడమ పక్కన కూర్చుంది.

"నా దిక్కు చూస్తలేడు సారూ. కంచంల సగం బువ్వ విడిచిపెడుతుండు. నేనేం తప్పు జేసిన్నో చెప్తలేడు. గీ ఐతారం మా తమ్మునింటికి పోత. చూడని మనిషి కాడ ఎన్నొద్దులుంట?"

కొత్త అద్దాలు రాశాను. శాస్త్రానికి నా వంతు సేవ. నాలుగు రోజులకు మళ్లీ వచ్చారు.

"ఇప్పుడు అద్దాలు పెట్టుకొని మరీ చూస్తలేడు," అంది.

ఈసారి చార్టులో వరుసలు మొదటి నుంచి చివరిదాకా చదివించాను. ప్రతి వరుసలో కుడి సగమే చదివాడు. ఎడమ పక్కన వేలు ఆడిస్తే చెప్పాడు. రెండు పక్కలా ఒకేసారి ఆడిస్తే కుడిదే చెప్పాడు. కళ్లకు ఏమీ కాలేదు. కన్ను కదిలేముందు మెదడు ధ్యాసను అటు పంపుతుంది, ఇంచుమించు ఆ రెండు పనులూ చూసేది మెదడులో ఒకే చోటు. పక్షవాతం తర్వాత మల్లయ్య ధ్యాస ఎడమకు పోవడం మానేసింది. దీన్ని నెగ్లెక్ట్ అంటారు. ఆయనకు వైద్యం చేసిన డాక్టరు ఫోనులో అవునన్నాడు, ఎడమకు చూడటం అలవాటు చేయించమన్నాడు.

చెబితే ఒకసారి చూస్తాడు, మరుక్షణం మరిచిపోతాడు.

"బాయిల దిగంగనే ఏం జేస్తుంటివి?" అని అడిగాను, పాత అలవాటేదైనా పనికొస్తుందేమోనని.

"పైకప్పు ఊడిపడ్తదేమోనని కట్టెతోని కొట్టి చూస్తుంటి. ఎడమ మూలకెల్లి షురూ. లైటు తలకాయకే ఉంటది గద సారూ, తల తిప్పకుంటే ఏం కనబడ్తది?"

గది దీపాలు ఆర్పి, ఆయన తలకు టార్చి కట్టాను. "జర గా పైకప్పు చూడు."

తల తనంతట తానే ఎడమ మూలకు తిరిగింది. వెలుగు గోడమీదుగా మెల్లగా దిగి లచ్చవ్వ ముఖం మీద ఆగింది.

"నువ్వెప్పుడొచ్చినవే?"

"ముప్పై ఏండ్లు దాటింది," అంది లచ్చవ్వ.

ఆ ఆదివారం ఆమె తమ్ముడింటికి పోలేదు. కంచం ఎడమ అంచు వేలితో కొట్టి తినడం మల్లయ్యకు అలవాటు కావడానికి నెలలు పట్టింది.

ఇప్పుడు పక్షవాతం తగ్గినవాళ్లు వస్తే, వెంట వచ్చిన మనిషిని లేపి రెండో పక్కన కూర్చోబెట్టి చూస్తాను. అద్దాల సంగతి తర్వాత.