పరీక్షకు రంగేసుకున్న లారీ

నేను చదివింది ఊరి బడిలో ఐదో తరగతి. అయినా టైర్లు అణిగిన తీరు చూసి లారీలో ఎన్ని టన్నులున్నాయో చెప్పేవాణ్ణి. కాటా తప్పినా నేను తప్పేవాణ్ణి కాదు. ముప్పై తొమ్మిదేళ్లు బండి నడిపాను. గాజు పలకలు మోశాను, ఒక్కటీ పగల్లేదు. వరదల్లో మందుల పెట్టెలు తడవకుండా చేర్చినందుకు గోదాము యజమాని నలుగురిలో నా చెయ్యి పట్టుకుని మెచ్చుకున్నాడు. ఈ మాట నేను చెప్పుకోకపోతే ఇంకెవరు చెబుతారు?

ఆ గోదామే ఈ ఏడు నా పొట్ట మీద కొట్టింది. అక్కడి సరుకు ఓడలెక్కి పరదేశం పోతుంది. కొనేవాళ్లు ఇప్పుడు దాన్ని మోసిన బండి ఎంత పొగ వదిలిందో కూడా అడుగుతున్నారట. పదిహేనేళ్లు దాటిన లారీ పరీక్ష నెగ్గి కాగితం తెస్తేనే గేటు తీస్తామన్నారు. గడువు శనివారం. నా బండికి పదిహేడేళ్లు. కొత్తది కొనే తాహతు లేదు. అరవై మూడేళ్లవాడికి తాళం చేతికిచ్చే యజమానీ లేడు. ఆ గేటు మూసుకుంటే నేనూ, క్లీనరుగా చేరి నాతోపాటే ముసలివాడైన నా బావమరిదీ రోడ్డున పడ్డట్టే.

పొగ తగ్గాలని ఇంజనులో డీజిలు చిమ్మే నాజిల్స్ విప్పి శుభ్రం చేయించాను, ఫిల్టర్లు మార్పించాను. అంతటితో ఊరుకోవాల్సింది. పరీక్షకెళ్లే బండి మాసిన ఒంటితో పోకూడదనిపించింది. రెండు రోజులు కూర్చుని పైనుంచి కిందదాకా, అడుగున ఉండే ఇనప చట్రం ఛాసిస్‌తో సహా, దట్టంగా రంగు పట్టించాను.

"పెళ్లికొడుకులా ఉంది బావా. పిల్లనెవరిస్తారో!" అన్నాడు బావమరిది.

"నోరు మూసుకుని ఆ బ్రష్షు అందుకో."

శనివారం పొద్దున్నే తనిఖీ కేంద్రం దగ్గర వరసలో మొదట నిలబెట్టాం. పొగగొట్టంలో పెట్టిన మిషను చూసి తనిఖీ అధికారి తలాడించాడు.

"పెద్దాయనా, కొత్త బండ్లకన్నా నయం."

నేను మీసం మీద చెయ్యి వేశాను.

తర్వాత ఆయన ఛాసిస్ మీద చెక్కిన నంబరుకి కాగితం ఆనించి పెన్సిలుతో రుద్దాడు. బండి ఇదేనని రుజువుకి అచ్చు పడాలి. పడలేదు. అంకెల గాట్లన్నీ నా రంగుతో పూడుకుపోయాయి.

"గీకు" అన్నాడు. స్క్రూడ్రైవరుతో గీకాను. లోపలంతా తుప్పు, రంగుతోపాటు ఇనుమూ పొరలు పొరలుగా రాలింది. చివరి నాలుగంకెలు నా చేతుల్లోనే పోయాయి.

"నాకు కంఠతా వచ్చండీ, రాసుకోండి" అని ఎక్కం అప్పజెప్పినట్టు మొత్తం అప్పజెప్పాను.

"నోటితో చెబితే ఎలా రాసుకోను? దొంగబండని కావాలనే చెరిపేశావంటారు. పెద్దాఫీసుకి అర్జీ పెట్టుకో. నెలలు పడుతుంది."

"గడువు ఇవాళేనండీ! ఇన్నేళ్లలో నా బండి మీద ఒక్క కేసు..."

"పక్కకి తియ్యి. వెనకాల ఎంతమందున్నారో చూడు."

తాళం బావమరిది చేతికిచ్చాను. అతనే బండిని రోడ్డు వారకు తీశాడు.

"ఇంటికి పోదామా బావా?"

"ఏ మొహం పెట్టుకుని?"

అంతలో అతని జేబులో ఫోను మోగింది. "అక్కే. ఏం చెప్పను?"

నేను గోళ్లలో ఇరుక్కున్న రంగు గిల్లుకుంటూ కూర్చున్నాను. మోగి మోగి ఆగింది. మళ్లీ మొదలైంది.